‘సైట్‌లో చూసుకుంటారు’ అని రాసిన చోటికి, జంషెడ్‌పూర్‌లో ఒక రోజు

మా ఆఫీసులో అందరి నోటా ఆడే మాట ఒకటుంది. “సైట్‌లో చూసుకుంటారులే.” విశాఖలో ఏసీ గదిలో కూర్చుని, ఎక్కడో కట్టబోయే భవనాన్ని ముందే కంప్యూటర్‌లో కట్టి చూపించడం మా పని. దాన్ని బిమ్ అంటారు. గోడలు, దూలాలు, నీళ్ల పైపులు, గాలి గొట్టాలు, అన్నీ అసలు కొలతలతో అందులో ఉంటాయి. ఎక్కడైనా పైపు వెళ్లి దూలాన్ని గుద్దుకుంటే ఆ చోటు తెర మీద ఎర్రగా వెలుగుతుంది. కాంక్రీటు పోయకముందే ఆ పేచీ తీర్చేస్తే తర్వాత ఎవరూ దాన్ని పగలగొట్టక్కర్లేదు. వినడానికి ఎంత బాగుందో! మన దగ్గర జరిగేది వేరు. టెండర్లో బిమ్ ఉండాలని రాశారు కాబట్టి మేం మోడల్ చేస్తాం. మీటింగులో పెద్దవాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ముచ్చటపడతారు. సైటు వాళ్లు మాత్రం ఎప్పటిలాగే కాగితం మీది బొమ్మ చూసి కట్టేసుకుంటారు.

జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి కొత్త భవనానికి మోడల్ చేసింది మా జట్టే. అప్పగించే తేదీ నెత్తి మీదికొచ్చింది, ఎర్ర చుక్కలు ఇంకా బోలెడున్నాయి. వాటిలో ఒకటి రెండో అంతస్తులో, మంటలార్పే నీళ్ల పైపు ఒక దూలంలోంచి దూసుకెళ్లే చోటు. డిజైన్ ఇంజనీరుతో మాట్లాడి, ఆ దూలంలో ముందే ఒక కన్నం వదిలేలా బొమ్మ మార్పించాలి. మహా అయితే రెండు రోజుల పని. నేను ఆ చుక్కల జాబితాలో ‘సైట్‌లో చూసుకుంటారు’ అని రాసి, ‘ఎవరు’ అనే గడిలో ‘సైట్’ అని కొట్టి, పేచీ తీరిపోయినట్టు ఎరుపుని ఆకుపచ్చ చేసేశాను. పక్కన నా పేరు దానంతటదే పడింది. కొన్ని నెలల తర్వాత, అదే దూలానికి కన్నం వేస్తూ పైడిరాజు అనే పైపుల ఫిట్టరు పడి చనిపోయాడు. ప్రమాదం మీద సైటు కంపెనీ రాసిన రిపోర్టు మా ఆఫీసుకీ వచ్చింది. బెల్టు తగిలించుకోలేదు, కార్మికుడి సొంత అజాగ్రత్త, అని రాసుంది. ఏ దూలమో చదివి, నా పాత జాబితా తీసి చూసుకున్నాను. అదే దూలం, పక్కన నా పేరు.

ఎనిమిది నెలలు నోరు మూసుకు కూర్చున్నాను. ఎవరైనా అడుగుతారని చూశాను, ఎవరూ అడగలేదు. మొన్న డిసెంబరులో మా మేనేజరు, సైటు వాళ్లు మోడల్ తెరవడమే లేదట, ట్యాబ్‌లో ఎలా చూడాలో ఎవరైనా వెళ్లి ఒక రోజు నేర్పి రండి అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. జంషెడ్‌పూర్ అనగానే అందరికీ ఇంట్లో పనులు గుర్తొచ్చాయి, నేను మాత్రం చెయ్యెత్తాను. ఆ ఒక్క వరస ఉన్న పేజీని ప్రింటు తీసి సంచిలో పెట్టుకున్నాను. పైడిరాజు ఇంటికి వెళ్లి, తప్పు మీ ఆయనది కాదు అని చెప్పాలి. చెప్పే ధైర్యం ఉందో లేదో రైలెక్కాక కూడా నాకు తెలీదు.

వెళ్లాలనుకునేవాళ్ల కోసం వివరాలు రాస్తున్నాను. విశాఖలో సాయంత్రం రైలెక్కితే మర్నాడు పొద్దున్నే టాటానగర్ స్టేషన్లో దిగొచ్చు. స్లీపర్ టికెట్ ఐదు వందల లోపే. కానీ డిసెంబరులో స్లీపర్ ఎక్కి నాలాగా వీరత్వం చూపించకండి, ఒడిశా దాటేసరికి కిటికీ సందుల్లోంచి వచ్చే చలికి పళ్లు టకటకలాడతాయి. ఏడున్నరకి దిగాను. స్టేషన్ బయట ఊరి నడిబొడ్డున ఉండే సాక్చికి షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి ముప్ఫై రూపాయలు. ఆటో ఆయన నా హిందీ వినగానే తెలుగువాళ్లా అని పోల్చేశాడు. తన వీధిలో సగం మంది మీవాళ్లేనని, ఏ పని మీద వచ్చారని అడిగాడు. ఆసుపత్రి భవనం అన్నాను. ఓహో, ఆ తెలుగాయన పడి పోయిన చోటా, బెల్టు పెట్టుకోలేదట కదా పాపం అన్నాడు. ఊరంతా పాకిపోయిందన్నమాట ఆ రిపోర్టు. సాక్చి బజారులో నలభై రూపాయలకి నాలుగు పూరీలూ బంగాళాదుంప కూరా పెట్టారు. రెండు తిని వదిలేశాను.

సాక్చి నుంచి నది వంతెన దాటి మాంగో అనే పేట వైపు వెళ్తే సైటు. తొమ్మిదింటికల్లా చేరాను. కుర్ర ఇంజనీరు మర్యాదగా టీ ఇచ్చి, బీరువా తాళం తీసి ట్యాబ్ బయటపెట్టాడు. దాని మీది ప్లాస్టిక్ పొర కూడా తియ్యలేదు. నాకు ఒళ్లు మండింది. మోడల్ ఎందుకు చూడలేదని కాస్త గట్టిగానే అడిగాను. అతను దాచుకోకుండా చెప్పాడు. ఒక మార్పు అడిగితే మీ దగ్గర్నుంచి జవాబు రావడానికి పదిహేను రోజులు, స్లాబు పోసే తేదీ మాత్రం వెనక్కి జరగదు, మీ జాబితాలో చూస్తే అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి, ఇంక దేన్ని చూడమంటారు మేడమ్, అన్నాడు. ఆ పొర నేనే ఒలిచి ట్యాబ్ ఆన్ చేశాను.

రేకుల షెడ్డులో ఏడుగురు కూర్చున్నారు. ట్యాబ్ పట్టుకుని భవనంలోకి ఎలా వెళ్లాలో, అంతస్తులు ఎలా విడదీయాలో హిందీలో తంటాలు పడుతూ చూపించాను. పాత మోడల్ తెరిచి ఎర్ర చుక్కలు చూపించేసరికి, వెనక బెంచీ మీద ఉన్న ఒక పెద్దాయన లేచొచ్చి తెర మీద వేలు పెట్టాడు. పేరు గణపతి, ఫిట్టరు. ఇరవై ఏళ్లు పైడిరాజుతో జోడీగా పనిచేసినవాడు.

“ఈ ఎరుపు, కాంక్రీటు ఎయ్యకముందే కనిపిత్తాదా మేడమ్?”

కనిపిస్తుంది అన్నాను. ఆయన వెళ్లి మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. మిగతా క్లాసంతా కిందకే చూస్తూ ఉన్నాడు.

పదకొండున్నరకి క్లాసు ముగిశాక, ఆ చోటు చూడాలని నేనే గణపతిని అడిగాను. రెండో అంతస్తు చివర, పైపులన్నీ కిందికి దిగే సందు పక్కన ఉంది ఆ దూలం. సగం వేసిన కన్నం అలాగే ఉంది. పైపుని దూలం కిందినుంచి చుట్టూ తిప్పేశారు. అంటే ఆ కన్నం అసలు అక్కర్లేకుండానే పని జరిగిందన్నమాట, పైడిరాజు పోయాక. దూలానికీ వెనకున్న గాలి గొట్టానికీ మధ్య టేపు పెట్టి కొలిచాను. అడుగున్నర. మోడల్లో నేనే పెట్టిన గొట్టం అది. అంత ఇరుకులో పరంజా పలక మీద నిలబడి, బరువైన డ్రిల్లు యంత్రం పట్టుకుని కన్నం వేశాడు. లోపల ఇనప కడ్డీ తగిలితే ఆ యంత్రం మనిషిని గిర్రున తిప్పి విసిరేస్తుందట, పక్కనేమో కింది దాకా తెరిచి ఉన్న ఆ సందు. బెల్టు కొక్కెం తగిలించడానికి ఏముందా అని చుట్టూ వెతికాను. నున్నటి దూలం, పల్చటి రేకు గొట్టం. కొక్కెం పట్టే చోటు జానెడు కూడా లేదు.

“ఇక్కడ బెల్టు దేనికి తగిలిస్తారు?” అన్నాను.

“నడుంకి కట్టుకునే ఉన్నాడు మేడమ్. తగిలించడానికి ఏటున్నాది ఇక్కడ? ఆ మాట ఇన్నాళ్లకి మీరే అడిగినారు.”

పైడిరాజు ఇల్లు చూపించమని అడిగితే, భోజనాల వేళ దాటాక గణపతి సెలవు పెట్టి నాతో వాళ్లుండే సిద్ధగోరాకి బయల్దేరాడు. మాంగో నుంచి సాక్చి మీదుగా మాట్లాడుకున్న ఆటోకి నూట యాభై అయింది. షేర్ ఆటోలు మారుతూ వెళ్తే యాభైలో అయిపోతుంది, కానీ ఆ రోజు నాకు పక్కన కొత్త మనుషులు వద్దనిపించింది. దారిలో గణపతి చెప్పాడు. వదిన, అంటే పైడిరాజు భార్య, ఆయన ఊసెత్తనివ్వదట. ఫోటో కట్టించింది గానీ గోడకి పెట్టలేదట, పాత పేపర్లో చుట్టి అటక మీదికి తోసేసిందట. పై నుంచి పెద్ద సాబు వచ్చి, తప్పు నీ పెనిమిటిదే అని చెప్పి సంతకం పెట్టించుకున్నాక అలా అయిపోయిందట. కాదని తను ఎంత చెప్పినా స్నేహితుడివి కాబట్టి వెనకేసుకొస్తున్నావు అందట.

రెండు గదుల ఇల్లు. ఆవిడ పేరు అప్పలనరసమ్మ. ఇచ్ఛాపురం దగ్గర పుట్టి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్లు. కూతురు రేణు నర్సింగు చదువుతోంది. తల్లి తెలుగులో ఏమడిగినా పిల్ల హిందీలో జవాబిస్తోంది, ఇద్దరికీ అందులో వింతేమీ లేదు. విశాఖ నుంచి వచ్చానంటే అప్పలనరసమ్మ మొహం విప్పారింది. చలికి అల్లం బాగా దంచి టీ పెట్టింది. తలుపు వెనక మేకుకి ఒక సేఫ్టీ బెల్టు వేలాడుతోంది. పైడిరాజుదే, సైటు నుంచి గణపతి తెచ్చిచ్చాడట. దాని కొక్కెం అరిగి అరిగి నున్నగా మెరుస్తోంది. నేను దాన్నే చూస్తున్నానని ఆవిడ గమనించింది.

“ఇంట్లో బలుబు మార్చాలంటే స్టూలు నన్ను పట్టుకోమనీవోడమ్మా. నాను వచ్చీదాకా కాలు పైన పెట్టీవోడు కాదు. పడుకునీముందు గ్యాసు మూడుసార్లు సూసీవోడు. నాకు, పిల్లకి రోజూ జాగర్తలే. అంత సెప్పినోడు, అక్కడికెల్లి బెల్టు తగిలించకండా ఎక్కినాడంట. మమ్మల్నేటి తలుసుకున్నట్టు? అదే నాకు కడుపుమంట.”

టీ చల్లారిపోతోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఈ జన్మలో చెప్పను అనిపించింది. సంచిలోంచి కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాను.

“ఆయన తప్పు కాదమ్మా. అక్కడ బెల్టు తగిలించడానికి చోటే లేదు, నేనిప్పుడే కొలిచి వస్తున్నాను. ఆ కన్నం కాంక్రీటు పోయకముందే వదిలించాలి. వదిలించాల్సింది నేను. రెండు రోజుల పనికి బద్ధకించి వదిలేశాను. ఇదిగో, ఇది నా పేరు.”

రేణు కాగితం లాక్కుని చదివింది. రెండుసార్లు చదివి, ఎనిమిది నెలలుగా మీకు తెలుసా అని హిందీలో అడిగింది. తెలుసు అన్నాను. లేచి వంటగదిలోకి వెళ్లిపోయింది. గణపతి గడపలో నిలబడి కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. అప్పలనరసమ్మ నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ నా వైపు చూడనే లేదు.

“ఎనిమిది నెలలు తిట్టినాను” అంది. “రోజూ తిట్టినాను. ఎవుల్ని నమ్మకపోయినా ఆయన్ని నమ్మాల కదా నాను. ఆ మాటలన్నీ ఇప్పుడెలాగ ఎనక్కి తీసుకుందును?”

క్షమించమన్నాను. ఆవిడ వినిపించుకున్నట్టు లేదు. కళ్లు తుడుచుకుని లేచింది. మూల ఉన్న స్టూలు తెచ్చి అటక కింద వేసింది. పైకి ఎక్కబోయి, ఒక కాలు ఎత్తి, ఆగిపోయింది.

“రేణూ, రాయే. స్టూలు పట్టుకో.”

పిల్ల ఏడుస్తూనే వచ్చింది. ఒక పక్క తను పట్టుకుంది, రెండో పక్క నేను పట్టుకున్నాను. నన్ను వద్దనలేదు ఎవరూ. పేపరు చుట్టిన ఫోటోని ఆవిడ గుండెకి ఆనించుకుని దిగింది. గణపతి మేకు కోసం వీధిలోకి వెళ్లాడు.

నాలుగున్నరకి అక్కడినుంచి బయల్దేరాను. వెళ్లొస్తానంటే అప్పలనరసమ్మ తలూపింది, మళ్లీ రమ్మనలేదు. రాత్రి రైల్లో కూర్చుని మా ఆఫీసుకీ సైటు కంపెనీకీ ఉత్తరం రాశాను, రిపోర్టులో ‘కార్మికుడి అజాగ్రత్త’ అన్న మాట తీసేయమని, అక్కడ ఏం జరిగిందో, అందులో నా వంతు ఎంతో రాసి, కొలతలు జతచేసి. ఇది రాస్తున్నప్పటికి జవాబు రాలేదు. ఆ భవనం పని నుంచి నన్ను తప్పించారు, అది నాకు దక్కాల్సిందే. బిమ్ మన దేశానికి ఎప్పుడొస్తుందని సభల్లో అడుగుతుంటారు. వచ్చింది. రెండో అంతస్తు దూలం దగ్గర ఏం జరగబోతోందో దానికి ముందే తెలుసు, మాక్కూడా చెప్పింది. నేను దాని నోరు నొక్కేశాను. ముప్ఫై ఏళ్లు స్టూలు పట్టుకోమని అడిగిన మనిషికి ఆ ఒక్క రోజు కింద పట్టుకునేవాళ్లు లేకపోయారు. ఆ పని విశాఖలో కూర్చున్న నాది.

ఈ పనిలో ఉన్నవాళ్లకి ఒక్క సలహా. ‘ఎవరు’ అనే గడిలో ‘సైట్’ అని ఎప్పుడూ రాయకండి. ఫోన్ చేసి, అక్కడికి ఎక్కబోయేది ఎవరో కనుక్కుని ఆ మనిషి పేరు రాయండి. నిలబడటానికి చోటుందా, బెల్టు దేనికి తగిలిస్తావు అని అడగండి. పేరు రాశాక ఆ ఎరుపుని ఆకుపచ్చ చెయ్యడానికి చెయ్యి అంత తేలిగ్గా రాదు.