అమాస నాటి వెన్నెలమ్మ

రజని పుట్టింది అమావాస్య నాడు. మామూలు అమావాస్య కూడా కాదు, పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే పెత్రమాస. ఆ సంగతి సిరిసిల్లలో ఆమె తల్లిదండ్రులకు తప్ప ఇంకెవరికీ తెలియదు. పెళ్లి వయసు రాగానే తండ్రి ఆమె పుట్టుకను ఒక్క రోజు జరిపి, నవరాత్రులు మొదలయ్యే పాడ్యమి అని సంబంధాలవాళ్లకు చెప్పుకొచ్చాడు. "నీ మంచికే బిడ్డా" అన్నాడు. నలుగురి సుఖం కోసం ఆడిన అబద్ధమట. ఆ నలుగురిలో రజని ఉందో లేదో ఎవరూ అడగలేదు.

ఆ పాడ్యమి పిల్లే కోడలై పంజాగుట్ట వచ్చింది. అత్త పోచమ్మకు అమావాస్య అంటే చచ్చేంత భయం. కోడలు అమీర్‌పేటలో హాస్టళ్ల సందులో టైలర్ షాపు పెట్టుకున్నాక కూడా ఆమె హుకుం ఒక్కటే: అమాస నాడు కొత్త బట్టకు కత్తెర పెట్టొద్దు. అందుకని నెలకోసారి రజని కత్తెర పక్కన పెట్టి, హుక్కులు కుట్టేది, చీరలకు ఫాల్ వేసేది. కుడుతున్నంతసేపూ ఆమె మనసులో ఒకటే మాట. ఏ రోజును చూసి ఇంట్లో ఇంత జడుస్తున్నారో ఆ రోజు బిడ్డే కదా తాను.

రెండేళ్ల క్రితం, జావా కోర్సు చేస్తున్న దివ్యశ్రీ అనే హాస్టల్ పిల్ల ముదురు నీలం గుడ్డ తెచ్చి, తలమీదికి టోపీ వచ్చేలా పొడవాటి అంగీ కుట్టమంది. మంత్రగత్తె వేషానికట. ఇంత ఎదిగాక ఇదేం పిచ్చి అనుకుంటూనే రజని కుట్టింది. కుట్టాక అది ఎక్కడికి పోతుందో చూడాలనిపించి తానే పట్టుకుని వెళ్లింది. మెట్రో వెనక ఒక కోచింగ్ సెంటర్, ఆదివారం కాబట్టి ఖాళీగా ఉన్న క్లాసురూము, అందులో బల్ల చుట్టూ నలుగురు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్రయి తామేం చేస్తారో చెబుతారు, అది పారిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ నడిపేది రవికాంత్, తెనాలి నుంచి వచ్చిన జావా సారు. ఒక కుర్చీ ఖాళీగా కనిపించింది. రజని కూర్చుంది. ఆ కూర్చోవడం రెండేళ్లు సాగింది.

ఆమె పాత్ర వెన్నెలమ్మ, చంద్రుడి బలంతో మంత్రాలు వేస్తుంది. రవికాంత్ పెట్టిన నియమం తమాషాగా ఉండేది. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో ఆ రోజు ఏ తిథి ఉంటే ఆటలోనూ అదే. పున్నమి నాడు వెన్నెలమ్మ ముందు సైన్యాలు నిలవవు. అష్టమికి బలం సగమే, గాయాలు మాన్పగలదు కానీ పిడుగులు కురిపించలేదు. నెలవంక ఉంటే కాపలావాళ్లను నిద్రపుచ్చగలదు, అంతే. అమావాస్యకు ఆమె చేతిలో ఏ మంత్రమూ ఉండదు.

"మీ పాత్ర ఎప్పుడు పుట్టిందండీ?" అని మొదటి రోజే రవికాంత్ అడిగాడు. ఆలోచించేలోపే రజని నోట "పెత్రమాస నాడు" అని వచ్చేసింది. చంద్రుడి మంత్రగత్తె అమావాస్య నాడు పుట్టడమేమిటని బల్లంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆ మాట ఆమె పైకి అనడం జన్మలో అదే మొదలు.

ఇప్పుడు ఆ కథ చివరికొచ్చింది. వెన్నెలను కోటలో బంధించిన రాతిదొరతో ఆఖరి యుద్ధం మిగిలింది. దివ్యశ్రీకి పుణెలో ఉద్యోగం వచ్చింది, సోమవారం ప్రయాణం, కాబట్టి ఆదివారమే ఆడాలి. క్యాలెండర్ చూస్తే ఆ ఆదివారం పెత్రమాస.

"ఏం పర్లేదు ఆంటీ, ఈ ఒక్కసారికి పున్నమి అనుకుందాం," అన్నాడు రవికాంత్. "లేకపోతే వెన్నెలమ్మ చచ్చిపోతుంది. రెండేళ్లు పెంచుకున్నారు కదండీ."

"అనుకోవద్దు," అంది రజని.

"మీ మంచికే చెబుతున్నానండీ."

తండ్రి కూడా సరిగ్గా ఇంత మెత్తగానే అన్నాడు. రజనికి ఒళ్లు మండింది.

"జర ఇను సారూ. నా మంచికని ఒకపారి నా దినం మార్చిండ్రు. నన్ను అడగనే లేదు. గీ బల్ల కాడ సుత మారుస్తమంటే నేను ఊకోను. అమాస అంటే అమాసే."

"మంత్రాలు ఒక్కటి సుత ఉండవు గదక్కా," అంది దివ్యశ్రీ. "ఉత్త చేతులతోని ఏం జేస్తవ్?"

"నెలకొక్క దినం కత్తెర లేకుంటనే దుకాణం నడుపుతున్న. పని ఆగిందా?"

ఆదివారం ఆట మొదలైంది. కోట లోపల, వెన్నెలను పెట్టిన గది తాళం దివ్యశ్రీ పాత్ర విప్పాలి. అది విప్పేదాకా దొర సైన్యాన్ని తలుపు దగ్గర ఎవరో ఒకరు ఆపాలి. "నేను నిలబడ్త," అంది రజని. వెన్నెలమ్మ చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు. పాచిక వేస్తే మూడు పడింది, భుజానికి దెబ్బ తగిలింది. మళ్లీ వేస్తే పదహారు, ఒక సైనికుడు వెనక్కి పడ్డాడు. తర్వాత నాలుగు. ఒంట్లో బలం ఇక కొంచెమే మిగిలింది. రవికాంత్ కథ ఆపి, "ఇప్పటికైనా పున్నమి అందామా ఆంటీ?" అన్నాడు జాలిగా.

"నువ్వు కథ చెప్పు సారూ." రజని కుర్చీలోంచి లేచి నిలబడింది. మిగతా ఆట నిలబడే ఆడింది.

ఆఖరి పాచిక రెండు పడింది. వెన్నెలమ్మ గడప మీద కూలిపోయింది. కానీ అప్పటికే లోపల తాళం ఊడింది. వెన్నెల కోటంతా కమ్ముకుంది, రాతిదొర పొడిపొడి అయ్యాడు. గెలిచినా దివ్యశ్రీ ఏడ్చేసింది.

"ఏడువకు బిడ్డా," అంది రజని. ఆమె కళ్లు కూడా తడిగానే ఉన్నాయి, దాచుకోలేదు. "అమాస నాడు పుట్టింది, అమాస నాడే పోయింది. నడుమల మస్తు బతికింది. దాని దినం మాత్రం ఎవ్వలు మార్చలే."

సాయంత్రం పంజాగుట్ట చేరేసరికి ఇంటి ముందు, పెత్రమాస నాడు ఆడే ఎంగిలిపూల బతుకమ్మ మొదలైంది. అమావాస్య అంటే వణికే పోచమ్మే పట్టుచీర కట్టుకుని, తంగేడు పూల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతోంది. కత్తెర పెట్టకూడని రోజున బతుకమ్మను పెట్టొచ్చట. ఇదెక్కడి న్యాయమో రజని ఇన్నేళ్లూ అడగలేదు.

"పొద్దుగూకినంక వచ్చినవ్," అంది పోచమ్మ. "ఇయ్యాల పండుగని యాది లేదా?"

"యాదున్నది అత్తమ్మా. ఇయ్యాల నా పుట్టినరోజు."

"నీది పాడ్యమి గద. రేపు."

"కాదు. గీ పెత్రమాసనే. మా నాయిన మార్చి చెప్పిండు." రజని గొంతు తగ్గించలేదు. పక్కవాళ్లు విన్నారు, ఒకరిద్దరి చప్పట్లు ఆగాయి.

"గిన్నేండ్లు దాచినవా?"

"దాచిన. ఇగ దాచ."

పోచమ్మ కోడలిని చూసింది, బతుకమ్మను చూసింది. రజని ఆమె జవాబు కోసం ఆగలేదు. చెప్పులు విడిచి, అత్త పక్కనే చోటు చేసుకుని వరసలో కలిసింది, చప్పట్లు అందుకుంది.

"వచ్చే అమాసకు కొత్త బట్టకు కత్తెర పెడ్త అత్తమ్మా," అంది తిరుగుతూనే. "ముందే చెప్తున్న."