బటన్ నొక్కి, గోటితో లాగాలి

నా భార్య వాషర్‌మెన్‌పేట్‌లోని మా ఇంటి ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని తెలుగు పెళ్లికార్డులు కంపోజ్ చేసేది. ఈ అరవ నగరంలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇంట్లో సగం అరవమే మాట్లాడినా, పెళ్లికార్డు మాత్రం తెలుగులో పడాలంటాయి. ఆమె పోయాక రోజూ పొద్దున ఆ కంప్యూటర్‌ను వేసి, కాసేపు చూసి, ఆపేసేవాణ్ణి. అందులో నాకు వేరే పనేమీ లేదు.

కొన్నాళ్లకు అది మధ్యలో బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. మూత తీసి చూస్తే మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు కొన్ని తలలు ఉబ్బి ఉన్నాయి. బోర్డు మార్చాలి. పాత ప్రాసెసర్, మెమరీ కొత్త బోర్డులో కూర్చోవు కాబట్టి అవీ మార్చాలి. కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో నేనడిగిన దుకాణాలన్నీ ఒకే మాట చెప్పాయి: ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేస్తాం, మీ ఫైళ్లు కాపీ చేసిస్తాం.

ఫైళ్లు ఉంటే చాలదు. ఆమె వాడిన కంపోజింగ్ ప్రోగ్రాం అమ్మిన సంస్థ ఎప్పుడో మూతపడింది. దాని సీడీ లేదు. కీబోర్డులో ఏ అక్షరం ఎక్కడుండాలో తన వేళ్లకు తగ్గట్టు ఆమె ఏళ్ల తరబడి మార్చుకుంటూ వచ్చింది. ఏ ఒత్తు ఎంత కిందికి దిగాలో కూడా తానే సరిచేసుకుంది. విండోస్ తుడిచేస్తే అవి మళ్లీ రావు. ఆమె చేసిన పనిలో నా దగ్గర మిగిలింది ఆ అమరికే. దాన్ని పోనివ్వదలచుకోలేదు.

చదవడం ఒక్కటే నాకు చేతనైన పని. కాబట్టి, ఏదీ తుడిచెయ్యకుండా బోర్డు మార్చడం ఎలాగో చదివాను. డిస్కు మొత్తానికి, విండోస్‌తో సహా, బయటి డిస్కులోకి ఉన్నదున్నట్టు నకలు తీశాను. విండోస్ లైసెన్సును నా ఖాతాకు జతచేశాను. పాత బోర్డు డ్రైవర్లు తీసేశాను. పాత పద్ధతిలో విభజించిన డిస్కు నుంచి కొత్త బోర్డు లేవదని తెలిసి, చివరగా దాన్ని కొత్త పద్ధతికి మార్చాను. ఆ తర్వాత ఆ డిస్కు పాత బోర్డుతో ఇక లేవదు.

సౌకార్‌పేటలో స్టీలు పాత్రల అంగడి నడిపే మా బావమరిది ఆదివారం వచ్చాడు. అతని కూతురికి పెళ్లి కుదిరింది. కార్డు అక్క మెషిన్‌లోనే పడాలని అతని పట్టు.

"ఏంది బావా, బుక్కులు చదివి ఆపరేషన్ చేస్తా ఉండావా?"

"లైటు పట్టుకో."

"ఆడ అంగట్లో ఇస్తే సాయంత్రానికి చేసిస్తారు గదా."

"చేసిస్తారు. నీ బిడ్డ కార్డు అరవంలో కొట్టించుకో అప్పుడు."

అతను లైటు పట్టుకున్నాడు.

ఏ వైరు ఎక్కడుందో ఫొటో తీసుకుని పాత బోర్డు విప్పి, కొని తెచ్చిన కొత్తదాన్ని అదే పెట్టెలో బిగించాను. కొత్త ప్రాసెసర్ మూలనున్న చిన్న గుర్తును బోర్డు మీది గుర్తుకు సరిపెట్టి దించితే, బలం పెట్టకుండానే కూర్చుంది. దాని మీద వేడి లాగే పేస్టు రాసి, ఫ్యాను బిగించి, ఆమె డిస్కు తగిలించాను.

"నేను నొక్కతా" అన్నాడు బావమరిది. ఫ్యాన్లు తిరిగాయి. కొన్ని క్షణాలకే ఆగిపోయాయి. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే. మెమరీ తీసి పెట్టాను, కరెంటు వైరు ఒత్తి చూశాను. మార్పు లేదు.

"పోయిందా బావా?" గొంతు తగ్గించి అడిగాడు. "నకలుండాదంటివే?"

"ఉండాది. అది లేస్తుందో లేదో తెలీదు. గమ్మునుండు."

అతను ఇంకోసారి నొక్కబోతుంటే ఆ బటన్ వైపు చూశాను. ప్రతి ఆయుధపూజకూ ఆమె ఆ పెట్టెకు గంధం, కుంకుమ పెట్టేది. బొట్టు సరిగ్గా బటన్ మీదే. ఏళ్ల గంధం ఆ సందులోకి దిగి గట్టిపడింది. అందుకే ఆమె బటన్ నొక్కి, వెంటనే దాని అంచును గోటితో బయటికి లాగేది. నేను చూసి చూసి, రోజూ పొద్దున అలాగే చేసేవాణ్ణి. ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు. బటన్ కొన్ని క్షణాలు లోపలే ఉండిపోతే, నొక్కి పట్టినట్టయి ఏ కంప్యూటరైనా ఆగిపోతుంది.

"చెయ్యి తియ్యి" అన్నాను. నొక్కి, గోటితో లాగాను.

ఫ్యాన్లు తిరిగాయి. ఆగలేదు. విండోస్ కొత్త పరికరాలను గుర్తుపట్టడానికి కాసేపు తీసుకుంది, ఒకసారి ఆగి మళ్లీ లేచింది. తర్వాత ఆమె తెర వచ్చింది, ఆమె పెట్టిన చోటే అన్నీ. లైసెన్సు అడిగితే హార్డ్‌వేర్ మార్చానని చెప్పాను, ఒప్పుకుంది. ప్రోగ్రాం తెరిచాను. ఆమె కీలలో నాకు తెలిసినవి కొన్నే. వెతుక్కుంటూ 'శ్రీరస్తు, శుభమస్తు' అని కొట్టాను. ఒత్తులు ఆమె దించినంతే దిగాయి.

బావమరిది తెర వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఫోన్ తీసి భార్యకు చెప్పాడు: "లేచిందిమే. నేనూ బావా కలిసి మార్చేసినాం."

"నువ్వు లైటు పట్టుకున్నావు" అన్నాను.

"లైటు లేకుంటే ఏం కనబడేది నీకు? సరే, ఆ గంధం గీకి తీసెయ్యి, బటన్ బాగా పనిచేస్తాది."

"ఉండనీ. గోరుంది గదా."

అతను కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"పెళ్లికొడుకు పేరు చెప్పు" అన్నాను.