రౌండ్‌అబౌట్ ఎక్కిన గ్రాఫ్

2023. ఒమాన్‌లోని సోహార్. పోర్టులో, ప్లాంటుల్లో పనిచేసే మనవాళ్ళ పిల్లల కోసం నడిచే ఒక ట్యూషన్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. పదో తరగతి అయిన పిల్లలకు పరీక్ష పెట్టి, సైన్స్ బ్యాచ్‌లోకి ఎవరిని తీసుకోవాలో మా సీనియర్ సార్ తేల్చేవారు. తల్లిదండ్రులకు ఆయన మాటే వేదం. ఆయన కాదంటే చాలు, స్కూల్లో కూడా కామర్స్‌లో చేర్పించేసేవారు.

ఆ ఏడు పరీక్షలో ఒక ప్రశ్న: ఇంటి నుంచి పోర్టుకు కారులో వెళ్ళిన ప్రయాణానికి డిస్టెన్స్-టైమ్ గ్రాఫ్ గీయమని. అడ్డగీత మీద టైమ్, నిలువుగీత మీద దూరం. హర్షిత అనే పిల్ల గీత గీస్తూ మధ్యలో రెండుచోట్ల గుండ్రంగా చుట్టింది. సార్ ఆ పేపర్ని ఫోటో తీసి, ‘మన కాబోయే ఇంజనీర్’ అని రాసి స్టాఫ్ గ్రూపులో పెట్టారు. ఇక చూడండి, నవ్వు బొమ్మల వర్షం. నాకు ఒళ్ళు మండిపోయింది. చదువు చెప్పేవాళ్ళు చేసే పనేనా ఇది?

మర్నాడు హర్షిత వాళ్ళ నాన్న శ్రీనివాస్ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్, కరీంనగర్ వైపు మనిషి.

"సార్ ఫోన్ చేసిండు మేడం. బిడ్డకు ఫిజిక్స్ ఎక్కదట. కామర్స్‌ల ఏస్తా, ఉత్తగ పరేషాన్ ఎందుకు?"

"నాకు ఫిజిక్సే కావాలి నాన్నా" అంది హర్షిత. కళ్ళనిండా నీళ్ళు.

ఒక్క వారం ఆగమని ఆయన్ని బతిమాలాను. సార్‌తో పోట్లాడి మళ్ళీ పరీక్ష పెట్టడానికి ఒప్పించాను. ఆ సాయంత్రమే పేపర్ ముందు పెట్టుకుని కూర్చున్నాం.

"ఈ గుండ్రం ఏంటమ్మా?"

"రౌండ్‌అబౌట్ మేడం. మా ఇంటి నుంచి పోర్టుకెళ్ళాలంటే రెండు తగుల్తాయి."

నేను నవ్వలేదు. రౌండ్‌అబౌట్ అంటే రోడ్లు కలిసేచోట బళ్ళు చుట్టి వెళ్ళే గుండ్రటి దిమ్మ. ఈ ఊళ్ళో ఎవరిని దారి అడిగినా ఫలానా రౌండ్‌అబౌట్ దాటి, ఫలానా రౌండ్‌అబౌట్ దగ్గర అనే చెబుతారు. పుట్టి పెరిగిందంతా ఇక్కడే, పిల్ల రోడ్డునే గీసింది.

"సరే, ఆ గుండ్రం మీద మళ్ళీ పెన్సిల్ తిప్పు. ఎటు పోతోంది?"

తిప్పింది. పెన్సిల్ కుడికి వెళ్ళి, పైకెక్కి, ఎడమకు మళ్ళింది. "ఎడమకు... అయ్యో మేడం, టైమ్ వెనక్కి పోతోంది!" అని నోటి మీద చెయ్యేసుకుని పకపకా నవ్వింది.

అంతే! అక్కడితో తనకి అర్థమైపోయింది. ఇంత చిన్న ప్రశ్న ఈ పిల్లని ఇన్నాళ్ళూ ఒక్కరూ అడగలేదు. ‘గీత పడుకుంటే ఆగినట్టు, ఏటవాలుగా లేస్తే కదిలినట్టు’ అని పదో తరగతి క్లాసుల్లో సార్ బట్టీ వేయించారు. డిస్టెన్స్ గ్రాఫ్‌కి అది సరే. వెలాసిటీ-టైమ్ గ్రాఫ్‌లో, అంటే నిలువుగీత మీద వేగం ఉన్నప్పుడు, పడుకున్న గీతకి అర్థం ఒకే వేగంతో పోతున్నట్టు. ఆ తేడా ఆయన చెప్పనేలేదు.

ఆ వారమంతా సెంటర్ వరండాలో గ్రాఫ్ చేతికిచ్చి, దాని ప్రకారం నడవమన్నాను. వెలాసిటీ గీత కిందికి దిగగానే మొదట్లో గిరుక్కున వెనక్కి తిరిగేది. "తిరగకు తల్లీ, వేగం తగ్గిందంతే. సున్నా దాటి కిందికి పోతేనే దిశ మారినట్టు" అని మళ్ళీ నడిపించేదాన్ని.

రెండో పరీక్షలో సరిగ్గా అలాంటి గ్రాఫే వచ్చింది. వెలాసిటీ గీత తగ్గుతూ వచ్చి, సున్నా దాటి కిందికి పోయింది. ‘వేగం తగ్గి, క్షణం ఆగి, వెనక్కి వస్తుంది’ అని రాసింది హర్షిత. సార్ దాని మీద ఎర్రగా అడ్డంగా కొట్టారు.

"తగ్గి ఆగిపోతుందని కీలో ఉంది మేడం."

"కీ సంగతి వదిలేయండి సార్, గీత చూడండి!" నా గొంతు వరండా దాకా వినబడింది. శ్రీనివాస్ కూతురితో అక్కడే ఉన్నాడు. "హర్షితా, ఈ గ్రాఫ్ నడిచి చూపించు" అన్నాను.

ముందుకు నడిచింది, మెల్లగయ్యింది, ఆగింది. ఆ తర్వాత మావైపు చూస్తూనే ఒక్కో అడుగూ వెనక్కి వేసింది.

"ఎన్కకొస్తుంది గద సార్" అన్నాడు శ్రీనివాస్ అమాయకంగా. "ఆడ్నే ఆగలె గద."

సార్ పేపర్ ముందుకు లాక్కున్నారు. ఎర్రగీత పక్కన మార్కు వేశారు. క్షమించమన్న మాట మాత్రం నోటివెంట రాలేదు. గ్రూపులో ఫోటో తీసేయమని రెండుసార్లు అడిగాను, నవ్వేసి ఊరుకున్నారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

హర్షిత సైన్స్ బ్యాచ్‌లో చేరింది. అప్పటినుంచి పిల్లల పేపర్లో వింత గీత కనబడితే, ఎర్ర పెన్ను పక్కన పెట్టి "ఇదేంటమ్మా?" అని అడుగుతున్నాను. ప్రతిసారీ వాళ్ళ దగ్గర ఒక జవాబు ఉంటోంది. అడక్కుండానే ఎందరిని కామర్స్‌కి తోలేశామోనని తలుచుకుంటే ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది.