కందిపప్పు చెప్పిన సాక్ష్యం

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. చుట్టూ రొయ్యల చెరువులొచ్చాక మా నూతులు ఒక్కొక్కటే ఉప్పబడిపోతున్నాయి. పోయిన వేసవిలో ఒక సైంటిస్టమ్మాయి, బడి మాస్టారు, ఒక చిత్రకారుడు కలిసి, అందరికీ తెలియాలని బడి గోడ మీద ఊరి పటం వేశారు. మంచినీళ్ళ నూతికి నీలం చుక్క, ఉప్పునీళ్ళ నూతికి ఎర్రచుక్క.

మా నూతికి ఎరుపు పెట్టారు! రోజూ ఆ నీళ్ళతోనే వండుతున్నాను నేను. ఇక డబ్బా నీళ్ళు కొనాలా?

"ఇది తప్పండీ" అని పటం చూపించడానికి బడిలో పెట్టిన సభలో ఊరందరి ముందూ లేచాను.

"ఉప్పు కొలిచే మిషన్ చూపించిందండి మామ్మగారూ" అంది ఆ అమ్మాయి.

"మూడో క్లాసు చదివి సైంటిస్టుకే పాఠమా పిన్నీ!" అని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కూర్చోలేదు.

ఉప్పునీళ్ళలో పప్పు మెత్తగా ఉడకదు కదా. బడి వంటపొయ్యిల మీద రెండు గిన్నెలు ఎక్కించి, మా నూతి నీళ్ళతో ఒకదానిలో, నీలం చుక్క పెట్టిన పక్కింటి నూతి నీళ్ళతో ఇంకోదానిలో కందిపప్పు వేశాను. మా పప్పు వెన్నలా మెదిగింది. పక్కింటిది బద్దలు బద్దలుగానే ఉండిపోయింది.

ఆ అమ్మాయి రెండు నూతులూ మళ్ళీ పరీక్షించింది. "నీళ్ళు పట్టిన సీసాల చీటీలు తారుమారు చేశానండీ, క్షమించండి" అంది. చిత్రకారుడు కుంచె నాకే ఇచ్చాడు. నీలం చుక్క నా చేత్తో పెట్టాను.

ఉడికిన పప్పు పారబోస్తానా? పులుసు పెట్టి, నవ్విన వాళ్ళకే పోశాను.

చదువు తక్కువైనా, చేసి తెలుసుకున్నది చెప్పడానికి భయపడకూడదు. ఇప్పుడు ఆ అమ్మాయి ఏ ఊరెళ్ళినా మిషన్‌తో పాటు గుప్పెడు కందిపప్పు పట్టుకెళుతోందట!