మల్లమ్మకు నేను వేసిన సున్నా

2008. మిర్యాలగూడలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఓపీ నర్సును. డాక్టరు చూసేలోపు బీపీ తీసి, పెయిన్ స్కోర్ రాయడం నా పని. నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా రోగే చెప్పాలి. ఎక్కువ ఉన్నవాళ్లు ముందు లోపలికి వెళతారు. మా దగ్గర అందరూ పదికి పన్నెండు చెప్పేవారు. అందుకని నేనే సగానికి పైగా కొట్టేసి రాసేదాన్ని. బడిలో అతిశయోక్తికి ఉదాహరణ అడిగితే ఖాళీ వదిలేసిన నాకు, ఇక్కడ రోజుకు ముప్పై దొరికేవి.

అందులో సగం మాడుగులపల్లి మల్లమ్మవే. గొర్రెలు కాసే ఇంటి పెద్దామె, ఏళ్లుగా షుగర్ పేషెంటు. జలుబు చేస్తే, "ముక్కుల సాగర్ గేట్లెత్తిన్రు బిడ్డా!" మోకాలు నొప్పయితే, "బోరు దింపుతున్నరు."

"స్కోర్ ఎంత రాయను పెద్దమ్మా?"

"నూరు రాయి. పట్టకపోతే కాయితం ఎనక రాయి."

నేను నాలుగు రాసేదాన్ని. నా అంచనా ఒక్కసారీ తప్పలేదు. వచ్చిన చిక్కల్లా అదే.

ఆ రోజు కోడలు లక్ష్మి ఆమెను పట్టుకొని తీసుకొచ్చి, నా ముందు కూర్చోబెట్టి చీటీ రాయించడానికి వెళ్లింది.

"ఏం పెద్దమ్మా, ఇయ్యాల ఏ గేట్లెత్తిన్రు?"

"ఏం లేదు బిడ్డా. జర మంచిగ లేదు."

"నొప్పా?"

"నొప్పి లేదు. అలసటగున్నది."

బీపీ కొంచెం తక్కువ. ఎండకు అనుకున్నాను. సున్నా రాసి, వరుసలో చివర కూర్చోబెట్టాను.

కాసేపటికి లక్ష్మి వచ్చింది. "సిస్టర్, అత్త సప్పుడు సేస్తలేదు. పొద్దుగాల కూరల ఉప్పెక్కువైతే గూడ నన్నొక్క మాట అనలే."

"మంచిదే కదా, నీ చెవులకు ఇయ్యాల సెలవు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

పేరు పిలిస్తే మల్లమ్మ లేవలేకపోయింది. ఈసీజీ, అంటే గుండె కొట్టుకునే తీరును గీతల్లో చూపే పరీక్ష, తీస్తే పెద్ద హార్ట్ ఎటాక్. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి అది నొప్పి లేకుండానే వస్తుంది. నర్సింగ్ పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు. నల్లగొండకు బయలుదేరిన అంబులెన్స్ ఊరు దాటకముందే ప్రాణం పోయింది.

"అత్త నీకేం జెప్పింది సిస్టర్?" అని అడిగింది లక్ష్మి.

"ఏం లేదన్నది" అన్నాను. అబద్ధం కాదు. అయినా ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

అరిచేవాళ్లకు అరిచే ఓపికైనా మిగిలి ఉందన్నమాట. అప్పటినుంచి అంకె వేసేముందు, వెంట వచ్చినవాళ్లను ఒక్క మాట అడుగుతాను: "ఈమె రోజూ ఇట్లనే మాట్లాడతదా?" లేదు అంటే, కలం పక్కన పెట్టి డాక్టరు గదికి పరుగెత్తుతాను.