అక్క నంబరు మీద చెల్లెలి వేలు

ఆ లాండ్రీలో ఆమెను అందరూ పిచ్చుక అనేవాళ్లు. మనిషి అంతే ఉంటుంది, నోరు మాత్రం దానికి పదింతలు. హోటళ్ల దుప్పట్లూ ఆసుపత్రుల పక్కగుడ్డలూ వ్యాన్ల మీద వచ్చిపడే పెద్ద లాండ్రీ అది. పిచ్చుకకు మడత బల్ల దగ్గర పని. ఎదుటి మనిషి రెండు కొసలు, తను రెండు కొసలు పట్టుకుని దులిపి, మధ్యకు మడిచి, మళ్లీ మడిచి దొంతి మీద వేయాలి. చేతులు వాటంతటవే చేసుకుపోయే పని కనుక ఉన్న తెలివంతా కబుర్లకు ఖర్చుపెట్టేది.

వాళ్లక్క తీరు వేరు. లోపల, సబ్బు మూటలు దాచే వెనక గదికి ఆనుకుని, మరకల బల్ల దగ్గర ఒక్కతే పనిచేసుకునేది. రక్తం, నూనె, సిరా, పెదాల రంగు, జనం దుప్పట్ల మీద వదిలిపోయేవన్నీ అక్క చేతుల కిందికి వచ్చేవి. తడిబట్టలో మరక కంటికి సరిగ్గా ఆనదు. వేలికొసతో తడిమితే ఆ చోట కాస్త బిరుసుగా తగులుతుంది. అందుకని అక్క రబ్బరు తొడుగులు వేసుకునేది కాదు. ఒకటి రెండుసార్లు వేసుకుంటే ఆ రబ్బరుకే చేతులు దద్దుర్లెక్కి రెట్టింపు దురద పుట్టింది. ఏళ్ల తరబడి బ్లీచింగూ స్పిరిటూ తగిలి తగిలి వేళ్లు ఎర్రబడి, పొలుసులు రాలి, పగిలి, చివరికి ముద్రలు ఉండాల్సిన చోట గీత అన్నది కనపడకుండా పోయింది. తల్లి పోయాక పిచ్చుకకు తల దువ్వి, జ్వరమొస్తే నుదురు పట్టుకుని చూసింది ఆ చేతులే. వాటిలో గీతలున్నాయా లేవా అని ఇంట్లో ఎవరు చూస్తారు?

గేటు దగ్గర హాజరు యంత్రం పెట్టాక వచ్చింది చిక్కు. ఒక్కొక్కరికి ఒక నంబరిచ్చి, వేలు నొక్కించి, ఫలానా మనిషి వచ్చిందని రాసుకుంటుంది అది. అందరి వేళ్లనూ ఒప్పుకున్న ఆ మహాతల్లి అక్క వేళ్లను మాత్రం దగ్గరికి రానివ్వలేదు. అక్క తుడిచి పెట్టింది, నోటి ఆవిరి ఊది పెట్టింది, తలనూనె అద్ది పెట్టింది. పది వేళ్లకూ ఎర్రదీపమే. బిగించడానికి వచ్చిన మనిషి విసుగెత్తి టీ తాగి వస్తానని వెళ్లాడు. యంత్రం గుర్తుపట్టని వాళ్లకు ఇక్కడ పని లేదని సూపర్‌వైజర్ ఆ పొద్దున్నే చెప్పి ఉన్నాడు. పిచ్చుక అటూ ఇటూ చూసింది. తన కుడి బొటనవేలు అప్పటికే తన నంబరు మీద ఉంది. ఎడమది ఖాళీగానే ఉంది కదా అని అక్క నంబరు మీద దాన్ని నొక్కేసింది. పచ్చదీపం వెలిగింది.

ఇది తప్పు కదే అని అక్క గొంతు తగ్గించి అంది. నన్ను పెంచడానికి నువ్వు రెండు చేతులూ అరగదీసుకున్నావు, నేను ఒక్క వేలు ఇస్తే తప్పొచ్చిందా అని పిచ్చుక కొట్టిపారేసింది. అప్పుడు ఆమె మనసులో ప్రేమ తప్ప వేరే ఏమీ లేదు. ఆ మాట నిజం.

అప్పటి నుంచి అదే వరస. పొద్దున్న ఇద్దరూ కలిసి వచ్చేవాళ్లు, అక్క ముందు నడిచి లోపలికి పోయేది, వెనక పిచ్చుక కుడి వేలు తనకీ ఎడమ వేలు అక్కకీ నొక్కి వచ్చేది. అలవాటైపోయాక అది తప్పన్న సంగతి కూడా ఇద్దరూ మరిచిపోయారు. అంతకుముందు చేతులు డాక్టరుకు చూపించుకోవాలన్న మాట అప్పుడప్పుడు వస్తూ ఉండేది. అరువు వేలు దొరికాక ఆ మాట అటకెక్కింది.

ఇలా సాగుతుండగా ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర అక్క నోరు జారింది. దుప్పట్లు తెచ్చే వ్యాన్ డ్రైవరు కూడా ఆ రోజు వాళ్లతో కూర్చుని తింటున్నాడు. అతనంటే పిచ్చుకకు కాస్త ఇది. ఆ సంగతి అక్కకు తెలియదు పాపం. మాటల్లో మాటగా, పిచ్చుక పదేళ్లు వచ్చేదాకా పక్క తడిపేదనీ, తను మరకలు ఉతకడం నేర్చుకున్నది ఆ దుప్పట్ల మీదే అనీ చెప్పింది. అందరూ పడీపడీ నవ్వారు. డ్రైవరుకైతే పొలమారింది. పిచ్చుక తినడం ఆపి లేచిపోయింది. ఇంటికెళ్లాక అక్క రెండుసార్లు పలకరించినా మూతి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లారినా ఆ ముడి విడలేదు. ఎప్పటిలాగే అక్క ముందు నడిచి లోపలికి వెళ్లింది. పిచ్చుక కుడి వేలు నొక్కింది. ఎడమ వేలు యంత్రం దాకా తీసుకెళ్లి, ఆగి, పిడికిట్లో ముడుచుకుంది. మధ్యాహ్నానికి సూపర్‌వైజర్ అక్కను పిలిచి యంత్రంలో ఎందుకు లేవని అడుగుతాడు, అక్క బిక్కమొహం వేసుకుని తన దగ్గరికి వస్తుంది, కాసేపు బతిమాలించుకుని అప్పుడు నొక్కుతాను అనుకుంది. అక్కసు ఉంది కానీ, అంతకు మించిన చెడ్డ ఆలోచన లేదు. తన కోపమే తన శత్రువంటారు. ఈ కోపం మాత్రం పక్కమనిషి మీద పడింది.

మధ్యాహ్నం కాకముందే నిప్పంటుకుంది. దుప్పట్లు ఆరబెట్టే యంత్రాల వెనక గొట్టంలో గుడ్డల నూగు పేరుకుపోయి ఉంది. అది రాజుకుంది. పొగ కప్పు కిందుగా పాకుతూ వచ్చేసరికి గంట మోగింది. దగ్గేవాళ్లు దగ్గుతూ, చెప్పులు వదిలేసినవాళ్లు వదిలేసి, అందరూ వాకిట్లోకి వచ్చి పడ్డారు. సూపర్‌వైజర్ తన ఫోన్లో యంత్రం లెక్క చూసి నంబర్లు పిలిచాడు. పిలిచిన ప్రతి నంబరూ పలికింది. అక్క నంబరు అతను పిలవనేలేదు. ఇంతలో అగ్నిమాపక బండి వచ్చింది.

"అందరూ బయటే ఉన్నారు, లోపల ఎవరూ లేరు," అని సూపర్‌వైజర్ వాళ్లకు చెప్పాడు.

మనుషులు లేరంటే ఇక లోపలికి దూరాల్సిన పని లేదనుకుని, వాళ్లు బయటి నుంచే గొట్టాలు పట్టి నీళ్లు కొట్టసాగారు.

పిచ్చుక అక్క కోసం గుంపంతా వెతికింది. అలిగి ఎక్కడో వెనక నిలబడి ఉంటుందనుకుంది. వెనక లేదు. నీళ్ల పంపు దగ్గర లేదు. మడత బల్ల దగ్గర ఎదురు కొస పట్టుకునే మనిషి, మీ అక్క ఇవాళ రాలేదా అని అడిగింది. అప్పుడు పిచ్చుకకు దొంగకు తేలు కుట్టినట్టయింది. వచ్చిందని చెబితే రెండు వేళ్ల గుట్టు బయటపడుతుంది, ఇద్దరి పనీ పోతుంది. ఒకవేళ కోపమొచ్చి అక్క ఇంటికి వెళ్లిపోయిందేమో, ఊరికే రచ్చ అవుతుందేమో. చేతిలో పని వదిలేసి పోయే మనిషి కాదు అక్క. ఆ సంగతి ఈ భూమ్మీద పిచ్చుకకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలిసీ, రాలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఊపి, కిటికీల్లోంచి వస్తున్న పొగను చూస్తూ నిలబడింది.

ఎంతసేపు నిలబడిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. తెల్లగా వస్తున్న పొగ నల్లబడేదాకా నిలబడింది. అప్పుడు పరుగెత్తుకెళ్లి సూపర్‌వైజర్ చెయ్యి పట్టుకుంది.

"సార్, మా అక్క లోపల ఉంది."

"మీ అక్క ఇవాళ రాలేదు కదమ్మా. యంత్రంలో లేదు."

"యంత్రానికి మా అక్క వేలు తెలీదు సార్. అందులో అక్క నంబరు మీద ఉన్నది నా వేలు. నేనివాళ నొక్కలేదు."

ఆ గోలలో చివరి మాట అతని చెవిన పడలేదు. మొదటి మాటకే అతను బండివాళ్ల దగ్గరికి పరుగెత్తాడు.

అక్క వెనక గదిలో దొరికింది. సబ్బు మూట కోసం వెళ్లినప్పుడు పొగ కమ్మింది, ఇనుప తలుపు వేడికి బిగుసుకుపోయింది. మోసుకొచ్చేటప్పటికి స్పృహ లేదు గానీ ఊపిరి ఉంది. రెండు అరచేతులూ కాలిపోయి ఉన్నాయి.

ఇద్దరి పనీ పోయింది. పిచ్చుకకు ఇప్పుడది లెక్కలో లేదు. ఆసుపత్రిలో స్పృహ వచ్చాక అక్కకు నర్సు మొట్టమొదట చెప్పిన కబురు, నీ చెల్లెలు అరవకపోతే నువ్వు బతికేదానివి కావు అని. ఇక చూసుకోండి. పక్క మంచం వాళ్లకు, కట్లు మార్చేవాళ్లకు, నేల తుడవడానికి వచ్చే మనిషికి, కనపడిన ప్రతివాళ్లకూ అక్క అదే కథ. ఆ రోజు యంత్రం చెల్లెలి వేలిని కూడా సరిగ్గా పట్టుకుని ఉండదని తనంతట తనే ఒక కారణం కూడా కల్పించుకుంది. నా చెల్లెలు బంగారం అనేది. బంగారం అనే మాట విన్నప్పుడల్లా పిచ్చుక నీళ్ల చెంబు తీసుకుని బయటికి నడిచేది. కట్లున్న చేతులతో అక్క ఏ పనీ చేసుకోలేకపోయేది కనుక, పిచ్చుకే తినిపించి, నీళ్లు పోసి, జడ వేసి, రాత్రి దగ్గితే లేచి వీపు రాసేది. ఎంత చేసినా ఆ మాట ముందు అదంతా లంచంలా అనిపించేది. నోరు పెద్దదని పేరుపడ్డ మనిషి చెప్పాల్సిన ఒక్క సంగతి చెప్పలేక నెలలు గడిపింది.

కట్లన్నీ విప్పేసిన రోజు చర్మం డాక్టరు అక్క కుడి చెయ్యి దీపం కింద పెట్టి చూసింది. కాలిన పైచర్మం ఊడి కొత్తది వచ్చింది. ఆ కొత్త చర్మం మీద, వేలికొసల్లో, సన్నగా సుళ్లు సుళ్లుగా గీతలు. అక్క చిన్నపిల్లలా మురిసిపోయింది.

"కొత్తగా వచ్చినవి కావమ్మా, నీవే," అంది డాక్టరు. ముద్రల అచ్చు చర్మం లోపలి పొరలో ఉంటుందనీ, మందు నీళ్లకు అరిగిపోయింది పైపొర మాత్రమేననీ వివరించింది. మొదట్లోనే చూపించుకుని, కొన్ని వారాలు ఆ నీళ్లకు దూరంగా ఉండి ఉంటే అప్పుడే తిరిగొచ్చేవట. ఎడమ అరచెయ్యి సంగతి వేరనీ, అది లోతుగా కాలిందనీ, అచ్చు కూడా పోయింది కనుక మచ్చే మిగులుతుందనీ చెప్పింది.

పిచ్చుక గోడకు ఆనుకుంది. తన వేలు అరువివ్వకపోయి ఉంటే అక్క ఎప్పుడో డాక్టరు దగ్గరికి వచ్చేది. ఇవ్వడమూ తన తప్పే అయింది, ఇవ్వకపోవడమూ తన తప్పే అయింది.

ఇంటికి వచ్చాక ఆగలేకపోయింది. కింద వాటా ఆవిడ చూడ్డానికి వచ్చి, నీలాంటి చెల్లెలు అందరికీ దొరకదని బుగ్గ పుణికి వెళ్లింది. పిచ్చుక తలుపు మూసి వచ్చి, ఎడమ చేతికి మందు రాయడానికి అక్క ముందు కూర్చుని, మొత్తం చెప్పేసింది. వ్యాన్ డ్రైవరు సంగతి, నవ్వుల సంగతి, వేలు పిడికిట్లో ముడుచుకున్న సంగతి. ఏడుస్తూ చెప్పింది. మొత్తం అని ఆమె అనుకుంది.

అంతా విని అక్క ముక్కుతో చిన్నగా నవ్వింది.

"అతనంటే నీకు ఇష్టమని నాకేం తెలుసే. తెలిస్తే ఆ మాట ఎత్తేదాన్నా? అంతమందిలో పరువు తీశాను, నీకు కోపం రాదూ మరి," అంది. పిచ్చుక అక్క ఒళ్లో తల పెట్టేసింది. అక్క కుడి చేత్తో ఆమె జుట్టు సవరిస్తూ మాట్లాడుతూనే ఉంది.

"లోపల నాకు భయం వెయ్యలేదే. బయట నువ్వున్నావు కదా. నేను కనపడకపోతే నువ్వు ఊరుకోవు, ఎవరో ఒకరు ఈ పాటికి తలుపు దగ్గరికి వచ్చేస్తుంటారు అనుకున్నా. అందుకే నెట్టడం ఆపలేదు. కుడి చెయ్యి చురుక్కుమంటే తీసేసి ఎడమ చెయ్యి ఆనించా. స్పృహ తప్పేదాకా అది తియ్యలేదు." కాస్త ఆగి అడిగింది. "నేను కనపడకపోగానే చెప్పావు కదూ?"

పిచ్చుక తల ఎత్తలేదు.

"కనపడకపోగానే చెప్పానక్కా," అంది.

"నాకు తెలుసు," అని అక్క ఎడమ చెయ్యి మందు రాయమని చాపింది.