జ్ఞానవతి పొద్దుపొడుపు ఫొటోలు

అండమాన్ దీవుల్లోని జంగ్లీఘాట్‌లో జ్ఞానవతి స్టూడియో అంటే ఒక రేకుల గది, తాజ్‌మహల్ బొమ్మ వేసిన తెర, రెండు పెద్ద బల్బులు. తండ్రి యిర్మియా దగ్గర నేర్చుకున్న పని. ఆయన చూపు మందగించాక ఆమే నడుపుతోంది. 1979 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ ఫొటోలకి జనం వచ్చే రోజుల్లో, ఆ పేటకి కరెంటు పోయింది. పండగ అయ్యేదాకా రాదన్నారు.

"ఆరుబయట తీస్తాను నాన్నా," అంది.

"ఎండలోనా? అందరూ కళ్లు చికిలించుకునే పడతారమ్మా," అన్నాడు యిర్మియా.

ఆ మాట పట్టుకుని ఆమె మూడు రోజులు చీకటితోనే లేచి తూర్పు ఒడ్డుకి వెళ్లింది. అక్కడ ఐదున్నరకే పొద్దు పొడుస్తుంది. ఆరున్నర దాకా వెలుతురు వెన్నలా మెత్తగా ఉంటుంది. చిక్కల్లా చలిగాలే. ఏడాదంతా చెమటలు కక్కే మనుషులకి ఆ కాస్త చలికే మొహాలు బిగుసుకుపోతాయి. అందుకని గాలి తగలకుండా, బోర్లించిన నాటుపడవ చాటున జనాన్ని నిలబెట్టాలనుకుంది. కుంపటి, ఫ్లాస్కు నిండా అల్లం టీ, లెన్సు మీద మంచు తుడవడానికి మెత్తని గుడ్డ సిద్ధం చేసుకుంది. రోజుకి ఒక్క కుటుంబమే.

మొదట ఒప్పుకున్నది ఓడల మరమ్మతు చేసే గవరయ్య. తల్లి ఎరుకమ్మనీ, భార్య అచ్చమ్మనీ వెంటబెట్టుకొచ్చాడు. పడవ పక్కన ముగ్గురూ కర్రల్లా నిలబడ్డారు.

"దీదీ, జల్దీ కానీయ్! అమ్మ వణికిపోతంది," అన్నాడు గవరయ్య.

"అమ్మా, దుప్పటి కప్పుకో," అంది జ్ఞానవతి.

"నానెందుకు కప్పుకుంతాను? కొత్త కోక కనపడద్దా?" అంది ముసలామె. గాలి వీచేసరికి మాత్రం కోక సంగతి మరిచిపోయి, గబగబా కుంపటి ముందు చతికిలబడి చేతులు చాపింది. కొడుకూ కోడలూ ఆమెని లేపబోయారు.

"ఉండండి, మీరూ కూర్చోండి," అంది జ్ఞానవతి. ముగ్గురికీ టీ పోసింది.

ఒక గుక్క తాగేసరికి ఎరుకమ్మకి ప్రాణం లేచొచ్చింది. "ఓడెక్కినప్పుడు అండమాన్లో సలే ఉండదన్నార్రా. అది నమ్మేసి, మా యమ్మిచ్చిన కంబళి ఓడలో వంటోడికి ఇచ్చీసినాను! ఆడు ఎంత నవ్వుకున్నాడో!"

ఎప్పుడూ మొహం ముడుచుకునుండే గవరయ్య పకపకా నవ్వాడు. అచ్చమ్మ చేతిలో గ్లాసు తొణికింది. జ్ఞానవతి మీట నొక్కింది.

కరెంటున్న పక్క పేటలో కడిగించిన ఫొటో చేతికొచ్చాక గవరయ్య పెదవి విరిచాడు. "ఫొటో అంటే నిలబడాలి గదా? ఇదేటి, సలి కాగతన్నట్టుంది!"

"నిలబడి నవ్వినావేట్రా నువ్వెప్పుడైనా?" అంటూ ఎరుకమ్మ అది లాక్కుని, ఆ ఆదివారం చర్చి ముందు కనిపించిన వాళ్లందరికీ చూపించింది. సాయంత్రానికి పదకొండు కుటుంబాలు స్టూడియో ముందు చేరాయి.

పండగ వెళ్లాక కరెంటు వచ్చింది. జ్ఞానవతి తెర చుట్టి మంచం కింద పడేసింది. జనవరిలో ఉత్తరాన ఎక్కడో ఉన్న డిగ్లీపూర్ రైతులు తమకీ అలాంటి ఫొటోలు తీయమని కబురు పెడితే, కెమెరా సంచీ ఒళ్లో పెట్టుకుని ఓడెక్కింది. కోసిన పొలాల్లో పొగమంచు ఎన్నింటికి విడుతుందో అడగాలనుకుంటూ, మొదటిసారి ఒంటరిగా అంత దూరం వెళ్తున్న హుషారులో దారంతా నిద్రే పోలేదు.